స్పీడ్ టెస్ట్ బాగానే ఉంది, వీడియో కాల్ మాత్రం ముక్కలవుతోంది: కొత్త రౌటర్ కొనాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది: డౌన్‌లోడ్ 200 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ప్లాన్. స్పీడ్ టెస్ట్‌లో రెండూ నిండుగానే వస్తున్నాయి. అయినా ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేయడం మొదలుపెడితే చాలు, వీడియో కాల్‌లో మాట తెగిపోతుంది, బొమ్మ గడ్డకట్టుకుపోతుంది. వై-ఫై 7 మెష్ సెట్ (ఇల్లంతా వై-ఫై అందేలా కలిసి పనిచేసే పెట్టెలు) కొనమని ఒకరన్నారు, ఉన్న రౌటర్‌లోనే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్‌ను నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) వేసుకోమని ఇంకొకరన్నారు. ఏది చేయాలి?

ముందు ఏదీ చేయకండి. పది నిమిషాలు కొలవండి. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి ఇది బఫర్‌బ్లోట్ (డేటా వరుసలో ఎక్కువసేపు ఆగిపోవడం) అనే నా అనుమానం. అదే అయితే మెష్ కొన్నా కాల్ అలాగే తెగుతుంది.

స్పీడ్ టెస్ట్ చెప్పేది సెకనుకు ఎంత డేటా పోతుందన్నది మాత్రమే. కాల్‌కు కావలసింది వేరు. హెచ్‌డీ వీడియో కాల్‌కు రెండు మూడు ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది, కానీ ప్రతి ప్యాకెట్ (డేటా ముక్క) వేళకు చేరాలి. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే ఇబ్బంది తెలియదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి జీ.114 సిఫారసు. అది దాటిందంటే ఒకరి మాట మీద ఒకరు పడడం మొదలవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మీ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. మోడెమ్‌లోనో, ఫైబర్ పెట్టెలోనో, రౌటర్‌లోనో బయటికి వెళ్లే వైపు 1 మెగాబైట్ బఫర్ (ప్యాకెట్లు వరుసలో ఆగే మెమరీ) ఉందనుకుందాం. మెగాబైట్ అంటే 8 మెగాబిట్లు. ఆ బఫర్ నిండి ఉంటే చివర చేరిన ప్యాకెట్ 8/20 సెకన్లు, అంటే 400 మిల్లీసెకన్లు, వరుసలో నిలబడాలి. అదే బఫర్ 200 ఎంబీపీఎస్ దారిలో ఉంటే ఆలస్యం 40 మిల్లీసెకన్లే. చాలా ఇళ్లలో డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడే కాల్‌ను చంపడానికి కారణం ఇదే: పెద్ద గోలెం, సన్నటి కన్నం.

ఆ బఫర్ నిండుతుందా అంటే, నిండి తీరుతుంది. టీసీపీ (నెట్‌లో డేటా పంపే పద్ధతి) తన వేగాన్ని ప్యాకెట్ పోయేదాకా పెంచుకుంటూ పోతుంది. ప్యాకెట్ పోతే తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. లైనక్స్‌లో అలవాటుగా వచ్చే క్యూబిక్ పద్ధతి అదే. మెమరీ చవకయ్యాక తయారీదారులు ప్యాకెట్ ఒక్కటీ పోకూడదని బఫర్లు పెంచుతూ పోయారు. దాంతో తగ్గమని టీసీపీకి అందాల్సిన సంకేతం ఆలస్యమైంది, వరుస మాత్రం ఎప్పుడూ నిండే ఉంది. జిమ్ గెట్టిస్ 2010 ప్రాంతంలో దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి లోకం దృష్టికి తెచ్చారు. ఇంకో చిక్కు: డౌన్‌లోడ్ సాగాలన్నా మీ వైపు నుంచి అందినట్టు ఏసీకే ప్యాకెట్లు వెళ్తుండాలి. అవీ ఆ అప్‌లోడ్ వరుసలోనే ఇరుక్కుంటాయి కాబట్టి, బ్యాకప్ నడిచేటప్పుడు 200 ఉన్న డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది. అప్పుడు జనం ‘నెట్ స్లో’ అని కంపెనీకి ఫోన్ చేస్తారు, వాళ్లు స్పీడ్ టెస్ట్ చేసి బాగానే ఉందంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

కొలిచే పద్ధతి. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలపండి, వై-ఫై ఆపేయండి. రెండు టెర్మినల్ కిటికీలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ చిరునామాకు (చాలావాటిలో 192.168.1.1 లేదా 192.168.0.1), రెండోదాంట్లో 1.1.1.1కు (బయటి నెట్‌లోని సర్వర్) పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని చూపే కమాండ్) పెట్టండి. విండోస్‌లో ఆగకుండా నడవాలంటే పింగ్ తర్వాత మైనస్ టీ చేర్చాలి. లైనక్స్, మ్యాక్‌లలో అదే నడుస్తూ ఉంటుంది. ఒక నిమిషం ఖాళీగా చూడండి. తర్వాత పెద్ద ఫైల్ ఒకటి క్లౌడ్‌కు ఎక్కించండి, మరో నిమిషం చూడండి. అది ఆపి, పెద్ద ఫైల్ దింపుతూ ఇంకో నిమిషం. బయటి పింగ్ ఖాళీగా ఉన్నప్పుడు 8 మిల్లీసెకన్లుండి అప్‌లోడ్‌లో 300, 400 అయితే, రౌటర్ పింగ్ మాత్రం 1 దగ్గరే నిలిస్తే, రోగం తేలిపోయింది. భారం మీద 20-30 మిల్లీసెకన్లు పెరిగితే పట్టించుకోనక్కర్లేదు. 100 దాటితే కాల్‌లో తెలుస్తుంది. బ్రౌజర్‌లోనే చేయాలనుకుంటే వేవ్‌ఫామ్ వారి బఫర్‌బ్లోట్ టెస్ట్ ఉంది. మ్యాక్‌లో 2021 నాటి మాంటెరే నుంచి నెట్‌వర్క్‌క్వాలిటీ అనే కమాండే వస్తోంది. లోతుగా చూడాలంటే ఫ్లెంట్ అనే ఓపెన్ సోర్స్ సాధనం గ్రాఫ్ గీసి చూపిస్తుంది.

ఇప్పుడు అదే పరీక్ష వై-ఫై మీద, మీరు మామూలుగా కాల్ మాట్లాడే చోట కూర్చుని చేయండి. ఇక్కడ రౌటర్ పింగే 80, 150 అని ఎగురుతుంటే తప్పు ఇంటి లోపలి గాలిలో ఉంది, బయటి లైన్‌లో కాదు. ఆ విషయం కింద చెప్తాను. ఫోన్‌తో మాత్రం కొలవకండి. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ రేడియో కునుకు తీస్తుంటుంది, ఏ తప్పూ లేకపోయినా పింగ్ 50-100 చూపిస్తుంది.

కేబుల్ పరీక్షలో డౌన్‌లోడ్ సరిగ్గా 94-95 దగ్గర ఆగిపోతే అది వేరే కథ. లింక్ గిగాబిట్‌లో కాక 100 ఎంబీపీఎస్‌లో కుదిరిందని అర్థం. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నులు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. 4, 5, 7, 8లలో ఒక్క తీగ సరిగ్గా తగలకపోయినా చప్పుడు చేయకుండా 100కు దిగిపోతుంది. కేబుల్ మార్చి చూడండి. రౌటర్ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది అయితే మాత్రం అక్కడ చేసేదేమీ లేదు.

సరే, బఫర్‌బ్లోట్ అని తేలిందనుకుందాం. ప్లాన్ పెంచితే పోతుందా? కొంత తగ్గుతుంది, పోదు. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ 50 అయితే 400 మిల్లీసెకన్లు 160 అవుతాయి, బఫర్ అంతే ఉంటే. డీఎన్ఎస్ మార్చితే? దీనికీ దానికీ సంబంధం లేదు. పేరును చిరునామాగా మార్చడంతో దాని పని ముగుస్తుంది. పాత రౌటర్లలో ఉండే ‘క్యూఓఎస్’ పేజీలో కాల్‌కు ప్రాధాన్యం ఇస్తే? వరుస మీ రౌటర్‌లో లేకుండా మోడెమ్‌లో ఉన్నంతకాలం రౌటర్ ఎవరికి ప్రాధాన్యం ఇచ్చినా లాభం లేదు. పైగా ఆ పోర్టు నంబర్ల జాబితాలు ఏళ్ల కిందట రాసినవి. ఇప్పుడు చాలా భాగం 443 పోర్టు మీదే నడుస్తోంది. ‘గేమింగ్’ అని రాసిన రౌటర్లలో ఎక్కువ భాగం ఇదే పాత సరుకుకు ఎర్ర లైట్లు తగిలించినవని నా అభిప్రాయం.

పని చేసే మందు రెండు భాగాలు. ఒకటి, వరుసను మోడెమ్ నుంచి మీ చేతిలో ఉన్న పెట్టెలోకి లాక్కోవాలి. అందుకు రౌటర్ లైన్ వేగం కన్నా కొంచెం తక్కువ వేగంతో పంపాలి. రెండు, ఆ వరుసను తెలివిగా నడపాలి. ఈ రెండోదానికి క్యాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్‌సన్ 2012లో కోడెల్ ఇచ్చారు. వరుస ఎంత పొడుగుందని అది చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని చూస్తుంది. 100 మిల్లీసెకన్ల వ్యవధిలో కనీస నిరీక్షణ కూడా 5 మిల్లీసెకన్లకు మించే ఉంటే ప్యాకెట్లు వదిలేయడం మొదలుపెడుతుంది, పంపేవాడు తగ్గుతాడు. దానికి ఒక్కో ప్రవాహానికి ఒక్కో వరుస చేర్చిందే ఎఫ్‌క్యూ-కోడెల్, తర్వాత 2018లో ఆర్ఎఫ్‌సీ 8290గా వచ్చింది. అందువల్ల బ్యాకప్ తన వరుసలో తాను నిలబడుతుంది, కాల్ ప్యాకెట్ ముందుకు జారిపోతుంది, ఎవరూ ప్రాధాన్యాల జాబితా రాయనక్కర్లేకుండానే. వీటికి షేపర్‌ను (పంపే వేగానికి పరిమితి పెట్టే భాగాన్ని) కూడా కలిపి చేసిన కేక్ 2018లోనే లైనక్స్ 4.19 కెర్నెల్‌లో చేరింది. ఇదంతా బహిరంగంగా రాసిన కోడ్. డేవ్ టాట్ వంటివారు ఏళ్ల తరబడి దీని వెంట పడ్డారు. అమ్మకపు పెట్టెల్లోకి ఇది రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది, ఇంకా అన్నింటిలోకీ రాలేదు.

అందుకే రెండో సలహాదారు వైపే నా మొగ్గు. కానీ అక్కడా తొందర వద్దు. మీ దగ్గరున్న పెట్టెలో ఈ సౌకర్యం ముందే ఉండొచ్చు. మైక్రోటిక్ రౌటర్‌ఓఎస్ 7లో కేక్, ఎఫ్‌క్యూ-కోడెల్ రెండూ ఉన్నాయి. యుబిక్విటీలో ‘స్మార్ట్ క్యూస్’, ఈరోలో కాల్స్, గేమింగ్‌కు అనుకూలం చేసే స్విచ్ ఉన్నాయి. ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్ నడిపేవారికి లిమిటర్లలో ఎఫ్‌క్యూ-కోడెల్ ఎంచుకునే వీలుంది. ఉంటే ఆన్ చేసి మళ్లీ కొలవండి, పని అయిపోవచ్చు.

లేకపోతే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లైనక్స్ వాడారని బయటపడి, జీపీఎల్ లైసెన్స్ ప్రకారం 2003లో సోర్స్ కోడ్ ఇవ్వాల్సి వచ్చింది. దాని మీద 2004లో పుట్టిన ప్రాజెక్టు ఇది. వేసే ముందు రౌటర్ అడుగున ఉన్న లేబుల్ చదవండి. మోడల్ పేరొక్కటే చాలదు, హార్డ్‌వేర్ వెర్షన్ కావాలి. ఒకే పేరుతో వచ్చే వీ1, వీ2, వీ4లలో చిప్‌లే వేరు కావచ్చు. ఇటుకలుగా మారే (ఇక లేవకుండా పోయే) రౌటర్లలో చాలావాటికి మూలం ఇక్కడే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సైట్‌లోని హార్డ్‌వేర్ పట్టికలో మీ వెర్షన్ వెతికి మూడు చూడండి: ఫ్లాష్ కనీసం 16 ఎంబీ, ర్యామ్ కనీసం 128 ఎంబీ, వై-ఫై చిప్ ఎవరిది. మీడియాటెక్, క్వాల్‌కామ్ ఎథెరోస్ చిప్‌లు బాగా నడుస్తాయి. బ్రాడ్‌కామ్ వై-ఫై అయితే ఆ పెట్టె జోలికి పోకండి, డ్రైవర్ మద్దతు నామమాత్రం. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాతవాటికి కొత్త వెర్షన్లు రావు.

ఇమేజ్‌లు రెండు రకాలు. కంపెనీ ఫర్మ్‌వేర్ (పెట్టెతో వచ్చిన సాఫ్ట్‌వేర్) మీద మొదటిసారి వేసేది ఫ్యాక్టరీ ఇమేజ్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉన్నాక కొత్త వెర్షన్‌కు వాడేది సిస్‌అప్‌గ్రేడ్. దింపిన ఫైల్ ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్‌ను (ఫైల్ చెడలేదని చూసుకునే సంకేతాన్ని) సైట్‌లో ఇచ్చినదానితో పోల్చండి. కేబుల్ మీద నుంచే ఎక్కించండి, వై-ఫై మీద వద్దు. ఎక్కేటప్పుడు కరెంటు పోకుండా చూసుకోండి. ఐదు నిమిషాలు దాన్ని ముట్టుకోకండి. లేచాక 192.168.1.1లో లూసీ పేజీ (బ్రౌజర్‌లో తెరిచే సెట్టింగుల పేజీ) వస్తుంది, పాస్‌వర్డ్ ఉండదు. మొదట అది పెట్టండి. వై-ఫై కనిపించలేదని కంగారు పడొద్దు, చాలా పెట్టెల్లో అది ఆపేసే వస్తుంది. వైర్‌లెస్ పేజీలో దేశం కోడ్, డబ్ల్యూపీఏ2 లేదా 3 పాస్‌వర్డ్ ఇచ్చి మీరే ఆన్ చేయాలి. ఏదైనా సెట్టింగ్ చెడి లోపలికి వెళ్లలేకపోతే ఫెయిల్‌సేఫ్ ఉంది: పవర్ ఇచ్చాక లైటు మిణుకుమన్నప్పుడు రీసెట్ బటన్ నొక్కి, ల్యాప్‌టాప్‌కు 192.168.1.2 చిరునామా చేత్తో ఇచ్చి, 192.168.1.1కు ఎస్ఎస్‌హెచ్ చేయండి (టెర్మినల్ నుంచి లోపలికి లాగిన్ అవడం). అదీ రాకపోతే టీఎఫ్‌టీపీ రికవరీ, ఆ పద్ధతి ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం. వేసే ముందే ఆ పేజీని సేవ్ చేసి పెట్టుకోండి. రౌటర్ పడిపోయాక చదవడానికి నెట్ ఉండదు కదా.

కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె వెనకాల మీ రౌటర్ పెడుతున్నారా? ఆ పెట్టె లోపలి చిరునామా కూడా 192.168.1.1 అయితే రెండూ ఢీకొని నెట్ రాదు. మీ రౌటర్ ల్యాన్ (ఇంటి వైపు) చిరునామాను 192.168.10.1కు మార్చండి. పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ను నేరుగా అందించేలా) పెట్టించుకుంటే మరీ మంచిది. కుదరకపోతే డబుల్ నాట్‌తోనే (రెండు పెట్టెలూ చిరునామాలు మార్చే అమరికతోనే) ఉండండి. క్యూ నిర్వహణకు అది అడ్డు కాదు. కాకపోతే ఆ పెట్టె వై-ఫైకి, దాని పోర్టులకు ఏదీ కలపకూడదు. మీ రౌటర్‌ను దాటి నేరుగా వెళ్లే ట్రాఫిక్ మీద మీకు అదుపు ఉండదు.

ఇక అసలు సెట్టింగ్. సాఫ్ట్‌వేర్ పేజీలో లూసీ-యాప్-ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేయండి, కావలసిన మిగతావి అదే లాక్కుంటుంది. నెట్‌వర్క్ మెనూలో ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) పేజీ వస్తుంది. ఇంటర్‌ఫేస్‌గా బయటికి వెళ్లేదాన్ని ఎంచుకోండి: డీహెచ్‌సీపీ అయితే వ్యాన్ పోర్టు, యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే లైన్ అయితే పీపీపీఓఈ-వ్యాన్. బీఆర్-ల్యాన్ (ఇంటి వైపు ఇంటర్‌ఫేస్) ఎంచుకుంటే డౌన్‌లోడ్, అప్‌లోడ్ తారుమారవుతాయి. వేగం గడుల్లో అంకె కిలోబిట్లలో ఇవ్వాలి. 200 ఎంబీపీఎస్ లైన్‌కు డౌన్‌లోడ్ 180000, 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌కు 19000. ఇక్కడ 180 అని కొట్టి నెట్ చచ్చిపోయిందనేవాళ్లు చాలామంది. సున్నా ఇస్తే ఆ వైపు షేపింగ్ ఉండదని అర్థం. డౌన్‌లోడ్‌కు పది శాతం, అప్‌లోడ్‌కు ఐదు శాతమే వదలడానికి కారణముంది. వెళ్లే ప్యాకెట్లు మన చేతిలోనే ఉంటాయి. వచ్చేవి మాత్రం అప్పటికే లైన్ దాటేశాయి, వాటిని ఆపి పంపేవాణ్ని పరోక్షంగా తగ్గించాలి కాబట్టి ఎక్కువ జాగా కావాలి. ఈ శాతాలు తీసుకోవాల్సింది ప్లాన్ కాగితం మీది అంకె మీద కాదు, రద్దీ వేళలో మీరు కొలిచిన అంకె మీద.

క్యూ పద్ధతి ట్యాబ్‌లో కేక్, స్క్రిప్ట్ పీస్ ఆఫ్ కేక్. ఇంకేం వద్దు. లేయర్ కేక్ మూడు తరగతులుగా విడదీస్తుంది కానీ ప్యాకెట్ల మీద సరైన గుర్తులుంటేనే దానికి అర్థం, ఇళ్లలో సాధారణంగా ఉండవు. లింక్ లేయర్ ట్యాబ్‌లో ఈథర్‌నెట్ ఎంచుకుని ఓవర్‌హెడ్ (ప్రతి ప్యాకెట్‌కూ లైన్ అదనంగా చేర్చే బైట్లు) 44 ఇవ్వండి. కేబుల్ మోడెమ్‌కు 22 చాలు. పాత ఏడీఎస్‌ఎల్ అయితే ఏటీఎం ఎంచుకుని 44. సందేహముంటే ఎక్కువే వేయండి: ఎక్కువ వేస్తే పోయేది రవ్వంత వేగం, తక్కువ వేస్తే చిన్న ప్యాకెట్లు ఎక్కువున్నప్పుడు వరుస మళ్లీ మోడెమ్‌లోకి పారిపోతుంది.

ఒకరి ల్యాప్‌టాప్ ఇరవై కనెక్షన్లతో టోరెంట్ దింపుతుంటే మిగతావారి వాటా తగ్గకూడదనుకుంటే, అధునాతన సెట్టింగులు తెరిచి, ప్రమాదకరమని హెచ్చరించే గడి కూడా టిక్ చేసి, ఎగ్రెస్ (బయటికి వెళ్లే) వరుసలో నాట్ డ్యూయల్-ఎస్ఆర్‌సీహోస్ట్ అనీ, ఇన్‌గ్రెస్ (లోపలికి వచ్చే) వరుసలో నాట్ డ్యూయల్-డీఎస్‌టీహోస్ట్ ఇన్‌గ్రెస్ అనీ చేర్చండి (ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో). దాంతో వాటా కనెక్షన్ల లెక్కన కాక ముందు యంత్రాల లెక్కన పడుతుంది. నాట్ అన్న మాట వదిలేస్తే ఇంట్లోని యంత్రాలన్నీ దానికి ఒకటిగానే కనిపిస్తాయి. మనుషులు పోట్లాడుకునే ఇళ్లలో దీనికి మించిన సెట్టింగ్ లేదు.

ఆన్ చేశాక మళ్లీ అదే పింగ్ పరీక్ష. భారం మీద పెరుగుదల 5-15 మిల్లీసెకన్లకు దిగాలి. దిగకపోతే అప్‌లోడ్ అంకెను వెయ్యి చొప్పున తగ్గిస్తూ చూడండి. ఎంత తగ్గించినా మార్పు లేకపోతే ఫైర్‌వాల్ పేజీలో ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ ప్యాకెట్లను క్యూ పక్కనుంచే దాటించేస్తుంది. ఎస్‌క్యూఎం, ఆఫ్‌లోడ్ రెండింట్లో ఒక్కటే ఉంచాలి.

డౌన్‌లోడ్ 180 రావాల్సింది 110 దగ్గరే ఆగిపోతే ప్రాసెసర్ చాలడం లేదు. షేపింగ్ ప్రతి ప్యాకెట్‌నూ సీపీయూ చేత మోయిస్తుంది. పరీక్ష నడుస్తుండగా ఎస్ఎస్‌హెచ్‌లో టాప్ కమాండ్ చూడండి. సాఫ్ట్ ఇంటరప్ట్‌ల వాటా పెరిగి ఖాళీ సున్నాకు చేరితే అదే. ఒకే కోర్ ఉన్న పాత మిప్స్ రౌటర్లకు వందా, వందా యాభై దగ్గరే ఆయాసం మొదలవుతుంది. ప్యాకెట్ స్టీరింగ్ ఆన్ చేస్తే ఎక్కువ కోర్లున్నవాటిలో కొంత తేరుకుంటుంది. కేక్ బదులు ఎఫ్‌క్యూ-కోడెల్‌తో సింప్లెస్ట్ స్క్రిప్ట్ వాడితే ఇంకొంచెం. అప్పటికీ చాలకపోతే డౌన్‌లోడ్ గడిలో సున్నా పెట్టి అప్‌లోడ్ ఒక్కదాన్నే షేప్ చేయండి. మీ లక్షణం అప్‌లోడ్‌దే కాబట్టి సగానికి పైగా బాధ దానితోనే తీరుతుంది. కొత్త రౌటర్ కొనడానికి సరైన కారణం ఇక్కడ దొరుకుతుంది: సీపీయూ చాలకపోవడం. అప్పుడు కూడా యాంటెన్నాలు లెక్కపెట్టకండి, ప్రాసెసర్ పేరు చూడండి. 2024 చివర్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అని ప్రాజెక్టు పేరుతోనే ఒక బోర్డు వచ్చింది: మీడియాటెక్ ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, ఒక ఫ్లాష్ చెడినా రెండోదాని నుంచి లేవగలిగే ఏర్పాటు. ఫర్మ్‌వేర్‌తో ప్రయోగాలు చేసేవారికి ఆ చివరిది ఎంతో మేలు.

వై-ఫై పరీక్షలోనే పింగ్ ఎగిరినవారికి ఎస్‌క్యూఎం పనిచేయదు, వరుస గాలిలో ఉంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానల్ 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు మార్చండి. 40 పెడితే పక్కింటి రౌటర్లన్నింటితో తగువే. కాల్ చేసే యంత్రాన్ని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. దూరంగా నీరసంగా తగిలే ఒక్క పాత పరికరం కూడా గాలి సమయాన్ని మింగేసి అందరినీ నెమ్మది చేస్తుంది. యూఎస్‌బీ 3 డ్రైవ్‌ను రౌటర్‌కు ఆనించి పెట్టారా? దాని రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది, అడుగు దూరం జరపండి. ఇవన్నీ చేశాక కూడా ఒక గది అందకపోతే అప్పుడు మెష్ ఆలోచించండి, వీలైతే పెట్టెల మధ్య కేబుల్ వేసి. ఒకే రేడియో మీద రిలే చేసే మెష్‌లో ప్రతి అంచెకూ వేగం సుమారు సగమవుతుంది.

ఫర్మ్‌వేర్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే తాత్కాలిక ఉపాయం ఒకటుంది: బ్యాకప్ యాప్‌లోనే అప్‌లోడ్ పరిమితి పెట్టడం. చాలా డెస్క్‌టాప్ క్లౌడ్ యాప్‌లలో ఆ గడి ఉంటుంది, ఆర్‌క్లోన్ అనే క్లౌడ్ కాపీ సాధనంలో బీడబ్ల్యూలిమిట్ అనే ఆప్షన్ ఉంది. 20 ఎంబీపీఎస్ లైన్‌లో 12కు కట్టేస్తే వరుస ఏర్పడదు. ఆర్‌క్లోన్ ఆ అంకెను బైట్లలో చదువుతుంది కాబట్టి అక్కడ 1.5ఎం అని ఇవ్వాలి, 12 కాదు. ఫోన్ బ్యాకప్ యాప్‌లలో ఈ గడి సాధారణంగా ఉండదు, వాటిని రాత్రి ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే నడిచేలా పెట్టండి.

4జీ, 5జీ మీద నడిచే ఇళ్లకు పై అంకెలు యథాతథంగా కుదరవు. టవర్ రద్దీని బట్టి లైన్ వేగమే గంటకో రకంగా మారుతుంటే ఒకే అంకె పెట్టడం అసాధ్యం: ఎక్కువైతే పనిచేయదు, తక్కువైతే వేగం వృథా. దానికి కేక్-ఆటోరేట్ అనే స్క్రిప్ట్ ఉంది. పింగ్ ఆలస్యాన్ని నిరంతరం చూస్తూ కేక్ వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. దాని కాన్ఫిగ్‌లో కనీస, మూల, గరిష్ఠ వేగాలు మూడు అడుగుతుంది. కనీసంగా, లైన్ ఎంత చెడ్డ వేళలోనైనా తప్పక వచ్చే అంకె ఇవ్వండి. అది ఎక్కువగా పెడితే స్క్రిప్ట్‌కు కిందికి దిగే చోటు ఉండదు, రద్దీ వేళ కాల్ మళ్లీ తెగుతుంది.